ట్రంపెట్ వాయించే నోరు

మెదక్‌ల మా బ్యాండు పెండ్లిళ్లకు పోతది, బోనాలకు పోతది, ఎలక్షన్లు వస్తె ర్యాలీలకు కూడ పోతది. అందుల నేను ట్రంపెట్ వాయిస్త. మా నాయిన చర్చిల వాయించేటోడు, నాకు నేర్పింది ఆయనే. మొదట్ల వాద్యం చేతికియ్యలేదు. అద్దం ముందట నిలబెట్టి పెదవులు ఎట్ల బిగబట్టాలె, గాలి ఎట్ల వదలాలె అన్నదే చాన రోజులు చూపించిండు. గాలి ఊపిరితిత్తులకెళ్లి వస్తది గాని సురం పుట్టేది పెదవుల మీదనే. ఆ పెదవులకు వెనుక ఆసరా పై వరుసల ముందటి రెండు పండ్లు. ఇత్తడి మౌత్‌పీస్ వాటి మీదనే ఆనుతది. చూసేటోళ్లకు మా బుగ్గలు ఉబ్బుడే కనవడుతది.

బ్యాండోళ్ల నోళ్లు మంచిగుంటయని ఎవ్వరు అనుకోరు. మా దాంట్ల డోలు కొట్టేటాయన గుట్కా నములుతడు, ఇంకొకాయన బీడీ తాగుతడు. నాది సిగరెట్. పెండ్లిల వాయించే దానికంటె ఎదురుచూసుడే ఎక్కువ ఉంటది. పెండ్లికొడుకు తయారు కావాలె, ఫొటోలు కావాలె, ఎవరో ఒక పెద్దమనిషి రావాలె. అందాక మేము వాద్యాలు పట్టుకోని షామియానా పక్కకు నిలవడతం. ఆ నిలవడుట్లనే నాకు సిగరెట్ అలవాటయింది.

నలభై ఏండ్లు దాటినంక ఊపిరి నిలుచుడు తక్కువైంది. పొడుగు సురం పడితె నడుమల తెగుతుండె. పొద్దున లేస్తె దగ్గు. నా భార్య బడిల చిన్నపిల్లలకు చదువు చెప్తది, ఆదివారం చర్చిల పాడేటోళ్లల్ల ఉంటది. లొల్లి పెట్టే మనిషి గాదు. ఒకనాడు బట్టలు ఆరేసుకుంట అన్నది, "పొగ కంపుకు నీ అంగీలు వేరె బకెట్ల నానవెడుతున్న. నీ ఊపిరితిత్తులను నానవెట్ట రాదు గద."

నేను తడి అంగీ ఒకటి అందుకోని తాడు మీద ఏసిన. ఆమె మళ్ల ఆ మాట ఎత్తలేదు.

కొద్ది రోజులకు ఆమె తమ్ముడు ఇంటికి వచ్చిండు. తూప్రాన్ దగ్గర హైవే పక్కన గోదాముల సూపర్‌వైజర్ పని చేస్తడు. మా ఇద్దరికి మంచిగ పడుతది. బువ్వ తిన్నంక వాకిట్ల కూసున్నం. నేను సిగరెట్ తీస్తుంటె ఆయన నా చెయ్యి పట్టుకోని ఆపి, తన జేబులకెళ్లి వేలంత పొడుగున్న ప్లాస్టిక్ డబ్బీ ఒకటి తీసిండు. పసుపుపచ్చ రంగు, దాని మీద మామిడిపండు బొమ్మ.

"బావా, సిగరెట్ ఇడిసిపెట్టి జర గిది గుంజు," అన్నడు.

"ఏంది గిది?"

"వేప్. పొగ గాదు, ఉట్టి ఆవిరి. కాలేది లేదు, బూడిద లేదు, పొగ కంపు లేదు. మా గోదాముల సగం మంది దీనికే మారిన్రు."

గుంజిన. తియ్యగ ఉంది. గొంతుల చిన్నగ కరిచినట్టయింది, అంతే. మా ఆమె లోపటికెళ్లి వచ్చి వాసన చూసింది. "పండ్ల రసం లెక్క ఉన్నది," అన్నది. "సిగరెట్ కంటె నయమే గావచ్చు."

దాన్ని అమ్మొద్దని సర్కారు బంద్ పెట్టిందని నాకు తెలుసు, పేపర్ల చదివిన. మా బామ్మర్దికి హైదరాబాద్‌ల ఏడనో దొరుకుతుండె, ఒకటి అయిపోతె ఇంకొకటి తెచ్చిస్తుండె. పెట్టె మీద ఏడ తయారైందో సక్కగ లేదు, ఏమేం కలిపిన్రో కూడ లేదు. అప్పుడు అవన్ని నేను పట్టించుకోలేదు. సిగరెట్ పెట్టె మీద కుళ్లిన నోరు బొమ్మ ఏస్తరు. దీని మీద మామిడిపండు ఉంది.

ఉన్నది ఉన్నట్టు చెప్పాలంటె, మొదట్ల మంచిగనే అయింది. పొద్దటి దగ్గు తగ్గింది. ఆ సీజన్ పెండ్లిళ్లల్ల పొడుగు సురాలు తెగకుండ పట్టిన. మా బ్యాండు మాస్టర్ క్లారినెట్ వాయిస్తడు, పెద్దమనిషి. చుట్టరికం ఏం లేదు గాని ఆయనను మామా అంట, ఆయన నన్ను అల్లుడా అంటడు. ఒకసారి పాట అయిపోయినంక నా దిక్కు చూసి, "ఏమైంది అల్లుడా, మీ నాయిన ఊపిరి దొరికినట్టున్నది," అన్నడు. ఇంటికి పోయి ఆ మాట మా ఆమెకు చెప్పిన. ఆమె ఖుషి అయింది.

సిగరెట్‌కు ఒక చివర ఉంటది. కాలుతది, పారేస్తం, ఇంకొకటి ముట్టియ్యాల్నా వద్దా అని ఒక్క నిమిషమన్న ఆలోచన వస్తది. ఈ డబ్బీకి చివర లేదు. వ్యాన్‌ల గుంజిన, షామియానా పక్కన గుంజిన, పాటకు పాటకు నడుమ గుంజిన. ఇంట్ల టీవీ చూసుకుంట గూడ గుంజిన. సిగరెట్ కంపు లేదు కాబట్టి ఎవ్వరు వద్దనలేదు.

ముందుగాల నోరు ఎండుడు మొదలైంది. నాలుక అంగిలికి అంటుకుంటుండె. ఎండకాలం గద అనుకోని నీళ్లసీసా పక్కకు పెట్టుకున్న. కాని వానలు పడ్డంక గూడ అట్లనే ఉంది. ట్రంపెట్ వాయించేటోనికి నోట్ల తడి ఉండాలె. ఎక్కువైతె గొట్టంల నీళ్లు నిలిచి గరగర అంటది, ఆ నీళ్లు గొట్టం కింది మూత తెరిచి ఒదిలిపెట్టొచ్చు. తడి లేకుంటె పెదవి మౌత్‌పీస్‌కు అతుకుతది, గుంజితె తోలు లేస్తది. నా పెదవుల మూలలు పగిలినయి. వెన్న రాసిన, వ్యాజిలిన్ రాసిన.

తర్వాత తిండి. పచ్చిపులుసు నోట్ల పెడితె మండింది. "మిరపకాయలు ఎక్కువేసినవా?" అని మా ఆమెను అడిగిన. ఆమె తిని చూసి, "ఎప్పటి లెక్కనే ఉన్నది," అన్నది. ఇంకొన్ని రోజులకు పొద్దున పండ్లు తోముకుంట అద్దంల చూస్తె నాలుక మీద, బుగ్గల లోపట తెల్లగ మచ్చలున్నయి. పెరుగు తిన్నంక కడుక్కోకుంటె ఎట్లుంటదో అట్ల. బ్రష్‌తోని గీకితె కొంత పోయింది, కింద ఎర్రగ పుండు లెక్క తేలింది. మెడికల్ షాపుల అడిగితె, "వేడి చేసింది, బీ కాంప్లెక్స్ వేసుకో," అన్నడు. వేసుకున్న. ఉప్పునీళ్లు పుక్కిలించిన. లవంగం దవడకు పెట్టుకున్న. పై వరుసల ఎడమ దిక్కు ముందటి పన్ను మీద చిగురు ఉబ్బి కందిగింజంత బొడిపె వచ్చింది. నొక్కితె నొప్పి ఉంది గాని ఓర్చుకునేటంతే.

దవాఖానకు పోవాలన్న ఆలోచన రాలేదు. వాయించుడు ఆగలేదు, అదే నాకు గుర్తు.

ఆగింది చేగుంటల. పగటి లగ్గం. పెండ్లికొడుకును వాళ్ల ఇంటికాడికెళ్లి ఫంక్షన్ హాల్‌కు ఊరేగించుకుంట తీస్కపోవాలె. భూములున్న కుటుంబం, బంధుబలగం బాగనే ఉంది. ఎండ కొడుతుంది. రోడ్డు మీద పోయినంతసేపు నొప్పిని పంటి కింద పెట్టుకోని వాయించిన. హాల్ గేటు కాడ ఆగి ఒక హుషారు పాట ఎత్తుకున్నం. దాంట్ల చివరకు ట్రంపెట్ ఒక్కటే పైకి పోయి నిలవడాలె. నేను పైకి పోయిన. మౌత్‌పీస్ గట్టిగ ఒత్తుకున్నప్పుడు చిగురుల ఏదో పగిలినట్టయింది. నోరంత చేదు, కంపు. సురం నిలవడలేదు. పగిలిన కుండల గాలి ఊదినట్టు ఒక చప్పుడు వచ్చి ఆగింది.

పెండ్లికొడుకు మేనమామ వెనుకకు మర్లి చూసిండు. మాస్టర్ వెంటనే ఆ సురాన్ని క్లారినెట్ మీద అందుకోని పాట ముగించిండు. డోళ్లు ఆగలేదు కాబట్టి శానమందికి తెల్వలేదు. నేను పక్కకు పోయి ఉమ్మిన. చీము, రక్తం. మిగిలిన పాటలకు ట్రంపెట్ నోటికాడ పెట్టుకోని ఉత్తగ వేళ్లు కదిలించిన.

వ్యాన్‌ల వాపస్ వచ్చేటప్పుడు మాస్టర్ నా పక్కకు వచ్చి కూసున్నడు.

"నోరు తెరువు," అన్నడు.

తెరిచిన. ఆయన కండ్లద్దాలు సదురుకోని చూసిండు.

"ఎన్ని దినాల సంది?"

"అయితుంది మామా, కొన్ని నెలలు."

"రేపు పొద్దున పండ్ల డాక్టర్ దగ్గరికి పో. నువ్వు పోకుంటె నేనే వచ్చి తీస్కపోత. నోరు చెడగొట్టుకుంటె మనకు వేరె పని వస్తదా?"

ఆ మాట గట్టిగ అనలేదు, కిటికీల్నుంచి బయటికి చూసుకుంట అన్నడు.

మెదక్‌ల పండ్ల డాక్టరమ్మ క్లినిక్ మెడికల్ షాపు మీద మొదటి అంతస్తుల ఉంటది. ఇక్కడి పిల్లనే, చదువు అయిపోయినంక వాపస్ వచ్చి పెట్టుకుంది. మా ఆమె కూడ నాతోని వచ్చింది. డాక్టరమ్మ లైటు నోట్లకు తిప్పి చూసుకుంట ఒక్కొక్కటి అడిగింది.

"గుట్కా తింటరా?"

"లేదు మేడం."

"బీడీ, సిగరెట్?"

"సిగరెట్ తాగుతుంటి. ఇడిసిపెట్టి యాడాది దాటింది."

"మరి ఇప్పుడేం లేదా?"

నేను జేబులకెళ్లి డబ్బీ తీసి ఆమె ట్రేల పెట్టిన. ఆమె దాన్ని ముట్టుకోకుండనే వంగి చూసింది.

"రోజుకు ఎంత గుంజుతరు?"

"లెక్క లేదు మేడం. దీనికి లెక్క ఉండదు."

ఆమె దూదిగుడ్డతోని బుగ్గ లోపటి తెలుపును తుడిచింది. అది ఫంగస్ అన్నది. పెద్దోళ్లకు ఇట్ల వచ్చిందంటె షుగర్ ఉందేమో చూడాలని రక్తపరీక్ష రాసింది. తర్వాత చూస్తె షుగర్ లేదు. చిగురు మీది బొడిపెల మిగిలిన చీము తీసింది, ఎక్స్‌రే తీసింది. ఆ ఫొటోను కంప్యూటర్ల పెద్దగ చేసి మా ఇద్దరికి చూపించింది. ముందటి పన్ను చుట్టు ఉండాల్సిన తెల్లటి ఎముక ఎడమ దిక్కు సగానికి దిగిపోయి ఉంది.

"ఆవిరే గద మేడం," అన్నది మా ఆమె. "నీళ్ల ఆవిరి లెక్కనే అని చెప్పిన్రు."

"నీళ్లు కాదమ్మా. నూనె లెక్క జిగటగ ఉండే మందు, తియ్యటి ఫ్లేవర్, నికోటిన్. ఆ జిగట తడిని గుంజుకుంటది, నోరు ఎండుతది. మనకు ఉమ్మి ఊరుతుంటేనే నోరు కడిగినట్టు ఉంటది. అది తక్కువైతె క్రిములు పండ్లకు అతుక్కోని అక్కడనే పెరుగుతయి, ఫంగస్ గూడ పెరుగుతది. నికోటిన్‌తోని చిగుర్లకు రక్తం సరిగ అందదు. పుండు పడ్డా తొందరగ మానదు. లోపట చెడిపోతున్నా పైకి శానరోజులు తెల్వదు."

"అయితె ఇదంత దానివల్లనేనా?" అని అడిగిన.

ఆమె వెంటనే అవునని అనలేదు. అది నాకు ఇంకా యాదికున్నది. "అంత దీనివల్లనే అని నేను చెప్పలేను. అన్నేండ్లు సిగరెట్లు తాగిన్రు, వాటి పని వాటిది. ఎముక ఒక్క యాడాదిల ఇంత దిగి ఉండదు. కాని ఈ ఫంగస్, ఈ ఎండుడు, చిగుర్ల వాపు ఇంత తొందరగ పెరుగుడు, వీటిల దీని చెయ్యి ఉన్నది. ఇది బంద్ చెయ్యకుంటె నా మందు పని చెయ్యదు. చేస్తరో లేదో చెప్పుండ్రి."

"చేస్త," అన్న.

తర్వాత ఆమె ట్రంపెట్ గురించి అడిగింది. మౌత్‌పీస్ ఎట్ల కడుగుతరు అన్నది. అంగీ కొసతోని తుడుస్తమని చెప్పిన. ఆమె నవ్వలేదు. ప్రతిసారి సబ్బునీళ్లు, బ్రష్ పెట్టి కడిగి ఆరవెట్టాలని, నాది వేరెటోళ్లు, వేరెటోళ్లది నేను వాడొద్దని చెప్పింది.

ఇంటికి వచ్చినంక మా ఆమె ఆ డబ్బీని ప్లాస్టిక్ కవర్ల చుట్టి చెత్తబండిల ఏసింది. వారం పది రోజులు నేను మనిషిని గాను. చిన్నచిన్న మాటలకు గొంతు లేస్తుండె. వేళ్లు జేబులకు పోయి ఉత్త జేబును తడుముతుండె. సిగరెట్ ఇడిసినప్పుడు ఇంత కష్టం కాలేదు, ఎందుకంటె అప్పుడు నేను ఇడిసింది సిగరెట్‌నే, నికోటిన్‌ను గాదు. మా ఆమె సోంపు, లవంగాలు ఒక చిన్న డబ్బల పోసి ఇచ్చింది. బడికి పోయే ముందు ఆ డబ్బ నిండ ఉందో లేదో చూసిపోతుండె.

బామ్మర్ది ఆ ఆదివారం వచ్చిండు. అక్క ఏం చెప్పిందో గాని మొఖం చిన్నగ చేసుకోని కూసున్నడు.

"నేను గూడ గుంజుతనే ఉన్న గద బావా. నాకేం కాలే," అన్నడు.

"నువ్వు ట్రంపెట్ వాయిస్తలేవు. నాకు చిగురు పగిలినప్పుడు తెలిసింది, నీకు ఎప్పుడు తెలుస్తదో."

"నీకు సిగరెట్ల నుంచి వచ్చింది అది."

"డాక్టరమ్మ గూడ కొంత అట్లనే అన్నది. ఒకసారి పోయి చూపించుకో."

చూస్త అన్నడు. పోయిండో లేదో నాకు తెల్వదు. మా ఇంట్ల ఇప్పుడు దాన్ని బయటికి తియ్యడు, అంతవరకే తెలుసు.

డాక్టరమ్మ ఇచ్చిన చప్పరించే మందుతోని తెల్లమచ్చలు పోయినయి. పచ్చిపులుసు మళ్ల పచ్చిపులుసు లెక్కనే ఉంది. చిగుర్లను లోపటిదాక శుభ్రం చేసే పని నాలుగైదు సార్లు కూసుంటె అయింది. కుడి దిక్కు పండ్లు గట్టివడ్డయి. ఎడమ దిక్కు ముందటిది మాత్రం నాలుకతోని నూకితె కదిలేది. డాక్టరమ్మ కొన్ని వారాలు చూసి, ఇది నిలవదు, దీనివల్ల పక్కవి కూడ పోతయి అన్నది. అప్పుడు మూఢం నడుస్తుంది, పెండ్లిళ్లు లేవు. ఆ రోజుల్లనే తీయించుకున్న. తీసిన పన్నును ఆమె చూపించింది. పైనుంచి చూస్తె ఏం కాలేదన్నట్టు తెల్లగనే ఉంది.

మూఢం ఎల్లిపోయింది. ముహూర్తాలు వచ్చినయి. నా నోరు ఇంకా మానలేదు. మాస్టర్ సిద్దిపేట దిక్కునుంచి ఒక ట్రంపెట్ ఆయనను పిలిపించిండు. నన్ను బ్యాండుల నుంచి తీసెయ్యలేదు, చేతికి జాంజ్ ఇచ్చిండు. రెండు ఇత్తడి పళ్లేలను తాళానికి తాకించుడే. చిన్నప్పుడు చర్చిల మా నాయిన పక్కన నిలవడి కొట్టినయి అవే. కొత్తాయన మంచిగ వాయిస్తడు, పైసురం తేలికగ పడుతడు. ఆయన వాయిస్తుంటె నా వేళ్లు జాంజ్ తోలుపట్టా మీద ట్రంపెట్ మూడు మీటలు నొక్కినట్టు కదులుతుండె. అది నాకు తెల్వకుండనే అయితుండె. మాస్టర్ ఒకసారి చూసి మొఖం తిప్పుకున్నడు. నాకు కోపం రాలేదు. ఏడుపు గూడ రాలేదు. పాట సక్కగ పోతుందా లేదా అనే విన్న.

ఖాళీల పెట్టుడు పన్ను పెట్టిన్రు. మాట్లాడుటానికి, నవ్వుటానికి మంచిగుంది. ట్రంపెట్ పెడితె మాత్రం ఆ పన్ను కదిలింది, పక్కనుంచి గాలి పోయింది. ఇంట్ల వాయిస్తె పక్కింటోళ్లకు ఇబ్బంది అని పొద్దున ఊరి బయట పొలాల దిక్కు పోయి సాధన చేసిన. మౌత్‌పీస్‌ను కొంచెం కుడి దిక్కు జరిపి, గట్టి పండ్ల మీద ఆనించి ఊదుడు మళ్ల మొదటి నుంచి నేర్చుకున్న. మా నాయిన ఉంటె ఒప్పుకోడు, నడుమలనే పెట్టాలంటడు. నాట్లు ఏసేటోళ్లు మొదట్ల నవ్విన్రు, తర్వాత అలవాటువడ్డరు. ఒకామె మాత్రం, "గదే పాట మళ్ల మళ్ల ఎందుకు వాయిస్తున్నవు, వేరేది రాదా?" అని అడిగింది. రాదని చెప్పిన. అప్పటికి ఆ ఒక్కటే వస్తుండె.

కింది సురాలు వచ్చినయి. పైసురం రాలేదు. బలంగ ఒత్తితె వస్తది గాని, అట్ల ఒత్తొద్దని డాక్టరమ్మ చెప్పింది. మాస్టర్‌కు ఆ మాటనే చెప్పిన.

"అయితె నువ్వు కింద వాయించు," అన్నడు. "పైపాట ఆయన పడుతడు. మనకు కింద నిలవడేటోడు ఎప్పుడు లేకుండె."

అది నన్ను సముదాయించుటానికి అన్నడా, నిజంగ అన్నడా అని అడగలేదు. ఇప్పుడు అట్లనే నడుస్తుంది. మొన్న ఏడుపాయల గుడికి ఒక కుటుంబం మొక్కు తీర్చుకోని బోనం తీస్కపోతుంటె మేము ముందట నడిచినం. మంజీర ఏటిల నీళ్లు బాగనే ఉన్నయి, జనం బాగనే ఉన్నరు. సిద్దిపేట ఆయన పైకి పోయిండు, నేను ఆయన కింద ఆగకుండ వాయించిన. గుడి మెట్ల కాడ ఆపినంక మౌత్‌పీస్ తీసి, సంచిల తెచ్చుకున్న నీళ్లతోని కడుగుతున్న. మాస్టర్ పక్కకు వచ్చిండు.

"ఎట్లున్నది నోరు?"

"నొప్పి లేదు మామా."

"తడి ఉందా?"

"ఉంది."

ఆయన తల ఊపి, క్లారినెట్ రీడ్ తీసి, ఆ సన్నటి బద్దను నాలుక మీద పెట్టుకోని తడుపుకున్నడు. బోనమెత్తిన ఆమె లోపటికి పోయింది. వాళ్లు బయటికి వచ్చేదాక మేము నీడకు నిలవడ్డం.